ఇంటికో తుఫాను

పలక మొదటిసారి పనిచేసిన రోజున డాక్టర్ హనీఫ్ దాన్ని చేతిలోకి తీసుకుని ఊపారు. అద్దం మీద ఆయన సొంత వీధి కనిపించింది. విశాఖపట్నంలో ఆయన ఉండే అపార్టుమెంటు, కింద ఆయన కారు, గేటు పక్కన ఇస్త్రీ బండి. కాసేపటికి అందులో వాన మొదలైంది. నీళ్లు గేటు దాటి కారు అద్దాల దాకా వచ్చాయి. ఆయన మొహం చిట్లించి మళ్లీ ఊపారు. ఈసారి చెట్లు విరిగాయి కానీ నీళ్లు రాలేదు. మళ్లీ ఊపారు. ఎండ కాసింది. అప్పుడు పలకను బల్ల మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వారు.

"నేనేం చేశానో చూశారా, మృణాళినీ?"

"చూశాను సర్. మంచిది వచ్చేదాకా ఊపారు."

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తుఫానుల లెక్కలు వేస్తున్నవాణ్ని. నేనే ఇలా చేస్తే ఇక ఊళ్లో జనం సంగతి చెప్పాలా?"

మృణాళిని ఆయన దగ్గర తుఫానుల పరిశోధన కేంద్రంలో పనిచేస్తోంది. గాలి లెక్కలు కట్టడం ఆమె పని కాదు. ఆ లెక్కల్లో ఎంత నమ్మకం ఉందో, ఎంత లేదో జనానికి అర్థమయ్యేలా బొమ్మగా గీయడం ఆమె పని. తుఫాను ఎటు వెళ్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కాబట్టి, అది వెళ్లగల మేరనంతా పటం మీద గరాటులా గీసి టీవీల్లో చూపించడం అలవాటు. ఒక తుఫాను తర్వాత ఆమె తీరం వెంట ఊరూరా తిరిగి, ఆ గరాటును చూసి ఏమనుకున్నారని అడిగింది. గీత మా ఊరికి రాకుండానే ఆగింది కదా, మాకేం కాదనుకున్నాం అన్నారు కొందరు. గరాటు వెడల్పయ్యేకొద్దీ తుఫాను లావైపోతోందనుకున్నాం అన్నారు ఇంకొందరు. గీతకు బయట ఉన్నామని ఇళ్లు కదలనివాళ్లలో కొందరు చెప్పడానికి మిగల్లేదు.

ఆ తర్వాతే ఆమె పలక పని మొదలుపెట్టింది. సముద్రం మీద వాయుగుండం పుట్టగానే కేంద్రంలోని కంప్యూటరు ఆనాటి గాలుల్ని బట్టి నూరు తుఫానుల్ని ఊహించి కడుతుంది. నూరూ జరగగలవే. వాటిలో ఒకదాన్ని పలక చూపిస్తుంది. ఏదో పటం మీద కాదు, తాను ఉన్న చోటే ఆ తుఫాను వస్తే ఎలా ఉంటుందో అలా చూపిస్తుంది.

హనీఫ్ గారి నవ్వు చూశాక ఆమె ఆ ఊపే ఏర్పాటు తీసేసింది. ఇకమీదట ఒక పలకకు ఒకటే తుఫాను. ఎవరికి ఏది వస్తుందో చీటీ తీసినట్టే. వాయుగుండం కదిలేకొద్దీ, ఫలానా తుఫాను ఇక జరగడానికి వీల్లేదని కంప్యూటరు తేల్చగానే దాన్ని మోస్తున్న పలక ఆరిపోతుంది. మిగిలి వెలిగేవే ఇంకా జరగగలిగినవి.

"మరి చెడ్డ పలక వచ్చినవాడి సంగతి?" అన్నారు హనీఫ్.

"వాడొక్కడే చూసుకోడు కదా సర్. ఒకరిది ఒకరు చూసుకుంటారు. నూరిళ్లలో ఎన్నిళ్లకు సముద్రం వచ్చిందో ఊరంతా కళ్లతో చూస్తుంది. శాతాలు చెబితే ఎక్కనిది అలా ఎక్కుతుంది."

ఆయనకు అనుమానం తీరలేదు. గుల్లలరేవులో పలకలు పంచడానికి అనుమతి మాత్రం ఇచ్చారు.

గుల్లలరేవు నూరిళ్ల చిన్న ఊరు. అందరూ వేటకు పోయేవాళ్లే. ఎండాకాలంలో పలకలు పంచి, ఒకరిది ఒకరు మార్చుకోకుండా ప్రతి ఇంట్లో గోడకు మేకు కొట్టి తగిలించారు. అప్పటికి వాటిలో ఏమీ లేదు. పిల్లలు వాటిలో చూసుకుని తల దువ్వుకునేవారు. ఆడవాళ్లు వంటింటి పొగ పట్టకుండా తుడిచేవారు.

వర్షాలు వెనకబట్టాక అండమాన్ వైపు వాయుగుండం పుట్టింది. ఆ పొద్దున నూరు పలకలూ ఒక్కసారే వెలిగాయి.

అర్జిల్లి కొర్లమ్మ అప్పుడు మామకు గంజి పడుతోంది. మామ గురువులుకు పక్షవాతం వచ్చి చాన్నాళ్లయింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది. మొగుడు పోయాక కొర్లమ్మ చేపల గంప ఎత్తి, కొడుకు పోలయ్యను పెంచి, మామను మంచం మీద చూసుకుంటూ వస్తోంది. గిన్నె పట్టుకునే ఆమె పలక వైపు తిరిగింది. అందులో తన ఇల్లే ఉంది. ముందు వాకిట్లో గాలి దుమారం లేచింది. తర్వాత ఎదురింటి రేకులు ఎగిరిపోయాయి. ఆ తర్వాత సముద్రం వచ్చింది. కెరటంలా రాలేదు, నేలే లేచినట్టు వచ్చింది. గుమ్మం, కిటికీ, చూరు ఒకదాని తర్వాత ఒకటి మునిగాయి. కాసేపు బురదనీళ్లు తప్ప ఏమీ లేవు. మళ్లీ మొదటి నుంచి దుమారం లేచింది.

మంచం మీది నుంచి గురువులు కూడా చూశాడు. మాట సరిగ్గా రాదు కాబట్టి ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు.

"ఏటీ కాదు మావా. గంజి తాగు," అంది కొర్లమ్మ.

మర్నాడు మృణాళిని ఊళ్లోకి వచ్చేసరికి ఎవరో తలుపుల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. ఉత్త వాన చూపించిన ఇంటికి చుక్కలు, గాలికి అడ్డగీతలు, సముద్రానికి కెరటం. వీధి వెంట నడుస్తూ ఆమె కెరటాలు చూసుకుంది. తొమ్మిది. కంప్యూటరు లెక్కా తొమ్మిదే. తను అనుకున్నట్టే ఊరు తన లెక్క తాను చదువుకుంటోందని ఆమెకు చెప్పలేనంత సంతోషమైంది.

ఆ తొమ్మిది గుమ్మాలకూ వేపరొట్టలు కట్టి ఉండడం కాసేపటికి గానీ ఆమె గమనించలేదు.

కొర్లమ్మ ఇంటి ముందు ఎవరూ లేరు. లోపల పోలయ్య గోడకు చేరబడి కూర్చున్నాడు. వేటకు పోలేదా అని అడిగితే తల తిప్పుకున్నాడు.

"దానయ్య రావద్దన్నాడు మేడమ్మా," అంది కొర్లమ్మ. దానయ్య ఊరి పెద్ద. పోలయ్య ఎక్కే పడవ ఆయనదే. "మీ ఇంటిమీద గండమున్నాది, అది తీరేదాకా పడవెక్కొద్దన్నాడు. నా గంపలో సేపలు కూడా ఎవుళూ కొనలేదు. పక్కింటిది నీళ్ల బిందె కూడా నాతోపాటు దించనేదు. సముద్రం మాయింటికే వస్తాదంట."

మృణాళిని గోడ దగ్గరికి వెళ్లింది. "పలక నేను తీసుకుపోతానమ్మా" అంది.

"తీసుకుపోతే గండం పోతాదా?"

"పోదు."

"మరెందుకు తీసుకుపోడం?"

మృణాళిని మంచం పక్కనే నేలమీద కూర్చుంది. "అమ్మా, ఇది మీ ఇంటికి వచ్చే సముద్రం కాదు. వస్తే ఊరికంతా వచ్చేది. పలక మీ ఇంట్లో ఉంది కాబట్టి మీ ఇల్లు చూపిస్తోంది. పక్కింట్లో పెడితే పక్కిల్లే చూపిస్తుంది."

కొర్లమ్మ ఆమె మొహంలోకి చూసింది. "ఈ మాట ముందు సెప్పనేదేటి?"

మృణాళిని గోడకున్న మేకు వైపు చూసింది. మార్చుకుంటారేమోనన్న భయంతో మేకులు కొట్టించింది తనే.

కొర్లమ్మ లేచి పలకను మేకు నుంచి ఊడదీసింది. కొంగుతో ఒకసారి తుడిచి, చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచింది. మృణాళిని వెనకే వెళ్లింది. వెళ్తుంటే గుమ్మాల్లోంచి జనం చూశారు కానీ ఎవరూ పలకరించలేదు.

దానయ్య అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన పలక పొద్దున్నే ఆరిపోయింది. అందులో ఉన్నది వట్టి ముసురువాన. ఇంకేం భయం లేదనుకుని పలకను లోపలికి విసిరేశాడు. కొర్లమ్మ తన పలకను ఆయన ముందు అరుగు మీద నిలబెట్టింది.

"ఇదేటి కొర్లమ్మా, ఆ పీడ నాకాడికి తెచ్చినావు?"

"ఒక్క పాలి సూడు దానయ్యన్నా. తరవాత తిట్టు."

పలక ఒక క్షణం మసకబారి మళ్లీ వెలిగింది. ఇప్పుడు అందులో కొర్లమ్మ ఇల్లు లేదు. దానయ్య అరుగు, అరుగు మీద వల, వెనక నీలం తలుపు ఉన్నాయి. దుమారం లేచింది. అదే సముద్రం వచ్చింది. రేవులో కట్టిన ఆయన పడవ నీళ్లమీద తేలుతూ వచ్చి, ఆయన ఇంటి చూరు మీదుగానే ఊళ్లోకి పోయింది.

దానయ్య చేతిలో వల అలాగే ఉండిపోయింది. లోపల్నుంచి ఆయన భార్య వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన వల పక్కన పడేసి లేచాడు. పలకను తనే ఎత్తి పక్కింటి అరుగు మీద పెట్టి చూశాడు. తర్వాత ఆ పక్కింట్లో. ఎక్కడ పెడితే అక్కడ మునుగుతూనే ఉంది.

మూడోనాటికి ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. సగానికి పైగా పలకలు ఆరిపోయాయి. ఇంకా వెలుగుతున్న వాటిని చేపల వేలం షెడ్డుకు తెమ్మని దానయ్య ఊరందరికీ కబురు పెట్టాడు. ఎప్పుడూ చేపలు కుప్పపోసే నున్నటి గచ్చు మీద వాటిని వరసగా పరిచారు. నలభై దాకా ఉన్నాయి. అన్నింటిలోనూ ఆ షెడ్డే కనబడింది. ఒకదాన్లో దాని మీద ఎండ పొడ, ఒకదాన్లో రేకులు లేచిపోతున్న చప్పుడు లేని గాలి, ఇంకొకదాన్లో సన్నటి జల్లు. ఎనిమిదింటిలో షెడ్డు స్తంభాల తలలు కూడా నీళ్లమీద లేవు.

జనం చుట్టూ నిలబడి చాలాసేపు చూశారు. మొన్న నూటికి తొమ్మిది. ఇవాళ నలభైకి ఎనిమిది. మిగతావి ఆరిపోతున్నాయి కానీ వీటిలో ఆరింది ఒక్కటే. ఆ మాట ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"మేడమ్మా, వస్తాదా రాదా? ఒక్క మాట సెప్పండి," అన్నాడు వెనక నుంచి ఒకతను.

"తెలియదండీ. తెలిస్తే ఒకే పలక తెచ్చేదాన్ని," అంది మృణాళిని.

దానయ్య గచ్చు మీది పలకల వైపే చూస్తూ అన్నాడు. "అయిదు పడవలెల్తే ఒకటి తిరిగి రాదని ముందే తెలిస్తే, మనోళ్లని వేటకి పంపుతామా? పంపం. సర్దండి."

వెళ్లాల్సింది సముద్రానికి దూరంగా, లోపలి ఊళ్లో ఉన్న హైస్కూలుకు. లారీలు వచ్చాయి. కొర్లమ్మకు మాత్రం చూడాల్సింది సముద్రమొక్కటే కాదు. గురువులును కదిలించి ఏడాది దాటింది. ఆయాసం వస్తే గంటలకొద్దీ తగ్గదు. ఉండిపోదామని పోలయ్య ఒకసారి అన్నాడు. ఆమె మామ దగ్గర కూర్చుని అడిగింది. "ఎల్దామా మావా?" ఆయన ఎడమచేత్తో గుమ్మం వైపు చూపించాడు. వెళ్దామన్నాడో, మీరు వెళ్లండన్నాడో ఆమెకు తెలియలేదు. వెళ్దామన్నట్టే తీసుకుంది.

నలుగురు మంచంతో సహా ఎత్తి లారీలో పెట్టారు. పైన పరదా కట్టినా జల్లు లోపలికి కొట్టింది. గతుకుల దారిలో కొర్లమ్మ మామ తల ఒడిలో పెట్టుకుని పట్టుకుంది. స్కూలుకు చేరేసరికే ఆయనకు ఆయాసం మొదలైంది. తరగతి గదిలో బెంచీలు కలిపి పడుకోబెట్టారు. ఆసుపత్రికి ఫోను చేస్తే అంబులెన్సు వేరే ఊరి నుంచి జనాన్ని తెస్తోందన్నారు. డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి గురువులు పోయాడు.

ఆ సాయంత్రమే వరండాలో ఎవరో కేకేశారు. తుఫాను ఉత్తరానికి తిరిగిపోయిందట. సంచుల్లోంచి పలకలు తీసి చూసుకున్నారు. కెరటం పలకలన్నీ ఆరిపోయాయి. జనం ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు, పిల్లలు గెంతారు. తరగతి గది గుమ్మంలో పోలయ్య నిలబడి ఉండడం చూసి గొంతులు తగ్గించారు. లోపల కొర్లమ్మ సంచిలో ఆమె పలక కూడా ఆరిపోయే ఉంది. ఆమె దాన్ని తీసి చూడలేదు.

దినాలయ్యాక మృణాళిని గుల్లలరేవు వెళ్లింది. ఊళ్లో ఒక్క రేకు కూడా కదల్లేదు. వేట పోయింది, తిరిగి వచ్చేసరికి ఎండబెట్టిన చేపలు కుక్కలు తిన్నాయి అని కొందరు మొహం మీదే విసుక్కున్నారు. ఆమె విని తల ఊపింది.

కొర్లమ్మ ఇంట్లో మంచం ఖాళీగా ఉంది. ఆమె ఆ మంచం మీద కాకుండా కిందే కూర్చుని, మృణాళినికి పీట వేసింది.

"మేడమ్మా, ఒక్కటడుగుతాను. దాసకుండా సెప్పు. ఎల్లకుండా ఇంటికాడే ఉండుంటే మావ బతికేవోడా?"

బాధపడకమ్మా, ఎక్కడున్నా అంతే అని చెబుదామని మృణాళిని దారంతా అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ మాట నోటికి రాలేదు.

"తుఫాను రాలేదు కదమ్మా. ఉండుంటే ఇంకొన్నాళ్లు బతికేవారేమో."

కొర్లమ్మ తల దించుకుంది. "అయితే తీసుకెల్లడం నా తప్పేనా?"

"కాదు. ఆ పొద్దున తెలిసినదాన్ని బట్టి చూస్తే మీరు చేసింది తప్పు కాదు."

"రెండూ నిజవేనా?"

"రెండూ నిజమే."

కొర్లమ్మ అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు. మృణాళిని ఆమె పక్కనే కూర్చుంది. పోలయ్య టీ పెట్టి తెచ్చాడు. ముగ్గురూ తాగారు.

విశాఖపట్నం తిరిగి వెళ్లాక మృణాళిని హనీఫ్ గారి గదిలో చాలాసేపు వాదించింది.

"పలకలో సముద్రం ఒక్కటే పెట్టాం సర్. ఉంటే ఏమవుతుందో చూపించాం. వెళ్తే ఏమవుతుందో చూపించలేదు. లారీ దారి, లోపలికి కొట్టే జల్లు, రాని అంబులెన్సు, ఇవి కూడా జరగగలిగినవే. వీటికీ లెక్కలున్నాయి."

"అవి కూడా చూపిస్తే జనం ఇళ్లు వదిలి కదలరు. అప్పుడు పోయేవాళ్ల సంఖ్య ఎంతో ఆలోచించారా?"

"కొందరు కదలకపోవచ్చు. నేను కాదనను."

"మరి?"

"గురువులు గారి కోడలు నన్ను అడిగింది సర్. అడిగాక సగం దాచిన పలక మళ్లీ ఆమె గోడకు తగిలించలేను."

హనీఫ్ గారు ఒప్పుకోలేదు. వారం తర్వాత మళ్లీ పిలిచి, సముద్రం లెక్కలు వేసేవాళ్లతో పాటు ఆసుపత్రి లెక్కలు తెలిసినవాళ్లను కూడా కూర్చోబెట్టారు. పలక రెండు సగాలైంది. ఎడమవైపు ఇల్లు కదలకపోతే, కుడివైపు కదిలితే. పాత తుఫానుల్లో ఊళ్లు ఖాళీ చేసినప్పుడు జరిగినవన్నీ పోగేసి కుడి సగాన్ని కట్టారు. అందులో చాలావరకు స్కూలు గదులూ, అన్నం వరసలూ ఉన్నాయి. కొద్ది పలకల్లో మాత్రం, ముసలివాళ్లున్న ఇళ్లలో, ఒక పడక ఖాళీ అయింది.

ఆ పలకలు చూసిన అధికారులు మొదట కంగారుపడ్డారు. కదలలేనివాళ్ల కోసం జనం కంటే ఒక రోజు ముందే అంబులెన్సులు పంపాలని ఆ ఏడు మొదటిసారి ఉత్తర్వు వచ్చింది. దానివల్ల ఎందరు బతికారో మృణాళినికి తెలియదు. బతికినవాళ్లు లెక్కలో కనబడరు.

మరుసటి ఏడు కొమ్ముపేటలో పలకలు పంచడానికి వెళ్తూ ఆమె కొర్లమ్మను తోడు రమ్మంది. కొర్లమ్మ గంప ఆ పూటకు పక్కింటామెకు అప్పజెప్పి వచ్చింది. కొమ్ముపేట రేవులో జనం పోగయ్యారు. మృణాళిని చెప్పాల్సింది చెప్పింది. నూరు తుఫానుల సంగతి, ఆరిపోవడం సంగతి, రెండు సగాల సంగతి. పలకను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడిది చూపిస్తుందని రెండుసార్లు చెప్పింది. ఈసారి మేకులు తేలేదు.

తాతారావు అని ఒక నడివయసు మనిషి, చేతులు కట్టుకుని విన్నవాడు, కొర్లమ్మ వైపు తిరిగాడు.

"నీకు సముద్రం పలక వచ్చిందంట గదా అప్పా. అందులో సూపించినట్టే జరిగినాదా?"

"నేదు బాబూ. తుఫాను రానేదు."

"ఎల్లినారా మరి?"

"ఎల్లినాం. మా మావ దార్లో ఆయాసమొచ్చి ఇస్కూల్లో పోనాడు."

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. మృణాళిని కల్పించుకోబోయి ఊరుకుంది. అది తను చెప్పగలిగిన మాట కాదు.

"తుఫాను రానేదు, ముసలాయన పోనాడు. మరెందుకెల్లినట్టు?" అన్నాడు తాతారావు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

కొర్లమ్మ రేవు వైపు తిరిగి చూసింది. సముద్రం ఆ పూట చాలా నెమ్మదిగా ఉంది.

"అప్పుటికి తెల్దు గదా బాబూ," అంది.

తాతారావు కట్టుకున్న చేతులు విప్పాడు. ఆమె అందించిన పలకను రెండు చేతులతో తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని తన ఇంటికి పట్టుకెళ్లకుండా, ముందు పక్కింటివాళ్ల గుమ్మం ముందు ఆగి, వెలిగిననాడు మీది కూడా బయటికి తెండి, కలిపి చూద్దాం అని చెప్పాడు.